నా బేసు వినపడిన రోజు

మా నెల్లూరు పక్క పెళ్ళికైనా, చెవులు కుట్టించే వేడుకకైనా ఆర్కెస్ట్రా పెట్టించకపోతే వచ్చిన చుట్టాలు మొహం ముడుచుకునే కాలం ఒకటుండేది. ఇప్పుడు పెన్‌డ్రైవు ఒకటి గుచ్చి వదిలేస్తున్నారు. అది శ్రుతి తప్పదు, అన్నం అడగదు, అలగదు. మేము మూడూ చేసేవాళ్ళం. ఆ రోజులే బాగుండేవి అని ఎవరైనా నిట్టూర్చితే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఆ రోజుల్లో ఉన్నాను, నాకు తెలుసు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, ఒంట్లో బలముంది, బుర్రలో ఏమీ లేదు, చేతిలో బేసు గిటారుంది. అదేమిటో తెలియని పాఠకులకు రెండు ముక్కల్లో చెబుతాను. మామూలు గిటారుకు ఆరు తీగలు, దీనికి నాలుగు. (కొడవలూరు పక్క ఏ పల్లెకు వెళ్ళినా ఎవరో ఒక పెద్దాయన స్టేజీ దగ్గరికొచ్చి, ‘‘రెండు తెగినట్టుండాయే, కట్టించుకోకూడదా అబ్బయా?’’ అని జాలిపడేవాడు.) దీన్నుంచి లోతుగా గుమ్మని ఒక శబ్దం వస్తుంది. ఇంటికి పునాదిలాగా పాటంతా దాని మీదే నిలబడుతుందంటారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు తలుపులు మెచ్చుకుంటారు, గచ్చు మెచ్చుకుంటారు. పునాది బాగుందన్న మనిషిని నేనింతవరకు చూడలేదు.

మా ట్రూపుకు పెద్ద మైకన్న. అసలు పేరు వేరే. మైకు ఒకసారి చేతికొచ్చిందంటే పురోహితుడు మంత్రాలు చదువుతున్నా వదిలేవాడు కాదు కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. మగ గొంతు పాటలన్నీ ఆయనవే. కీబోర్డు వాయించేది ఆయన భార్య తమ్ముడు. ఇతన్ని మేమందరం బావమరిది అనే పిలిచేవాళ్ళం, చివరికి ఫంక్షన్ల వాళ్ళు కూడా. ఆడ గొంతు పాటలక్కది. పులికాట్ ఒడ్డు పల్లె మనిషి, ఇంట్లో అందరూ వలలు వేసేవాళ్ళే. పడవల మధ్య పాడుకుంటూ తిరిగిన పిల్లను మైకన్న తీసుకొచ్చి స్టేజీ ఎక్కించాడు. తబలా, ప్యాడ్లు వాయించేవాళ్ళు ఇద్దరుండేవాళ్ళు గానీ వాళ్ళకూ ఈ కథకూ సంబంధం లేదు. ఇక నేను, నా వెనక వాల్వుల ఆంప్లిఫయరు. మైకన్న వాళ్ళ నాన్న ఎప్పుడో మద్రాసులో మూతపడిన ఒక స్టూడియో నుంచి పట్టుకొచ్చిన ఇంగ్లీషు సీమ సరుకది. పైన ట్రంకు పెట్టంత డబ్బా, దాంట్లో గాజు బుడ్ల లాంటి వాల్వులు. కింద బీరువాలో సగమంత స్పీకరు పెట్టె. స్విచ్చి వేసినాక వాల్వులు ఎర్రబడి, వేడెక్కి, నోరు తెరవడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ పెట్టె ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. నేను ఒక్కణ్ణే ఎత్తేవాణ్ణి. నాకంటే ముందు వాయించినతను ఉద్యోగం దొరికి వెళ్ళిపోతే, మైకన్న నన్ను చేర్చుకున్నది నా వేళ్ళు చూసి కాదు, భుజాలు చూసి. ఈ సంగతి అర్థం కావడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

అంత బరువు మోసుకొచ్చి, దించి, తీగలు తగిలించి, మీటలన్నీ చివరి దాకా తిప్పి వాయిస్తే దాన్నుంచి వచ్చేది జ్వరమొచ్చినవాడు దుప్పటి ముసుగులో మూలిగిన చప్పుడు. స్టేజీ దిగితే లేదు. స్టేజీ మీద కూడా పక్కన నిలబడినవాళ్ళకు కాళ్ళ కింద చెక్క అదురుతున్నట్టు తెలుస్తుందంతే.

నాకు సంగీతం నేర్పింది మా మేనమామ. పద్యనాటకాలకు నలభై ఏళ్ళు హార్మోనియం వాయించిన మనిషి, ఊళ్ళో అందరికీ హార్మనీ మామ. ఆ నాటకాల్లో ఒక పద్యం ఎత్తుకున్న నటుడు రాగం తీస్తూ పది నిమిషాలు ఎక్కడెక్కడో తిరిగొస్తాడు. అందాకా హార్మోనియం వాడు ‘సా’ని వదలకుండా పట్టుకుని కూర్చోవాలి. నేను కొత్తగా చేతికొచ్చిన బేసు గిటారు చూపించి, ఎట్లా వాయించాలి మామా అని అడిగితే, ఆయన తీగల్ని రెండుసార్లు మీటి, కళ్ళు మూసుకుని, తేల్చేశాడు. ‘‘ఇది శ్రుతిరా అబ్బయా. శ్రుతిపెట్టెకు తీగలు కట్టినారు, అంతే. సా పట్టుకో. విసుగొస్తే పా ముట్టుకో, మళ్ళా సా కాడికి రా. పాడేవోడు యాడికి పొయినా తిరిగి రావాల్సింది నీ కాడికే. నువ్వు మాత్రం కదలబాక.’’ నేను కదల్లేదు. మూడేళ్ళు కదల్లేదు. పాటకు ముందు మైకన్న ‘‘ఒకటిన్నర’’ అంటే ఒకటిన్నర శ్రుతి, అక్క పాటకు ‘‘ఐదు’’ అంటే ఐదు శ్రుతి, చూసుకోవడం, సా మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం. తాళం మాత్రం ఏనాడూ తప్పలేదు. ఆ ఒక్కటైనా దేవుడిచ్చాడు.

బావమరిది ముందు ఎప్పుడూ అట్టముక్కల కట్ట ఒకటుండేది. పెళ్ళిపత్రికల వెనకవైపు తెల్లగా ఉంటుంది గదా, దాని మీద పాటకొకటి చొప్పున ఏవో ఇంగ్లీషు అక్షరాలు రాసుకునేవాడు. పాట మధ్యలో నా వైపు తిరిగి, నవ్వు మొహం చెదరకుండా పళ్ళ బిగువున, ‘‘కార్డు మారింది... కార్డు మారిందిరా’’ అనేవాడు. మారితే మార్చుకోవయ్యా, నీ అట్టలు నీ ముందే ఉండాయి, నేనొచ్చి తిప్పాలా అనుకునేవాణ్ణి. అయినా పెద్దవాడు, అన్నిసార్లు అడుగుతున్నాడు గదా అని, ఒకసారి మర్యాదకు నిజంగానే నాలుగడుగులు వేసి, ఆయన ముందున్న అట్ట తీసి తర్వాతి అట్ట పెట్టి వచ్చాను. (అప్పుడాయన నా వైపు చూసిన చూపును కృతజ్ఞత అనుకున్నాను.)

పాటలక్క సంగతి వేరు. ఆమె పల్లవి ఎత్తుకుంటే వంటవాళ్ళు కూడా గరిటె ఆపి వినేవాళ్ళు. చరణంలోకి వెళ్ళేసరికి మాత్రం ఎందుకో గొంతు కిందికి జారేది. ప్రతి ప్రోగ్రాంలోనూ అంతే. ఆమె నిలబడే చోటు నా పెట్టె పక్కనే కాబట్టి ఆ జారుడు ముందు నాకే తెలిసేది, అయ్యో అనుకునేవాణ్ణి. ప్రోగ్రాం అయినాక మైకన్న వ్యానులో అందరి ముందరా తిట్టేవాడు. ‘‘చరణం వచ్చిందంటే చాలు, నీకు జారుడే గదామ్మే! రేపటి నుంచి పల్లవే మూడుసార్లు పాడి దిగిపో.’’ ఆమె పెరుగు మానేసింది. నిమ్మకాయ ఊరగాయ మానేసింది. ఎక్కడికొచ్చినా మిరియాల కషాయం ఫ్లాస్కులో పోసుకుని వచ్చేది. నెల్లూరులో గొంతు డాక్టరుకు చూపించుకుంటే ఏమీ లేదన్నాడట, ఏమీ లేదన్నందుకు ఇంకా ఏడ్చింది. నేను కూడా ఊరుకోకుండా, ‘‘పొద్దున్నే పరగడుపున వాము నమలక్కా’’ అని సలహా ఇచ్చాను. నాలుగు నెలలు నమిలింది.

ఇట్లా ఉండగా చిల్లకూరు దగ్గర ఒక పెళ్ళిలో వాయించి, నేను పెట్టె వ్యానులోకి ఎక్కిస్తుంటే మైకన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. ‘‘వొరే, ఈ రోజు నువ్వు వాయించినావా?’’ అన్నాడు. వాయించానన్నా అన్నాను. ‘‘నాకైతే వినపళ్ళా. ఎవురికీ వినపళ్ళా. మా బావమరిదికి ఎడంచెయ్యి ఖాళీగానే ఉండాది. బేసు ముక్క కూడా ఆయనే వాయిస్తానంటుండాడు. యానులో ఒక మనిషి జాగా మిగులుద్ది.’’ నా మొహం చూసి ఆయనకే ఏమనిపించిందో, ‘‘సరే, వచ్చే నెల రొయ్యల గుంటల ఆయన కూతురు ఓణీల ఫంక్షన్ ఉండాది గదా, ఆడిదాకా చూస్తా. ఆ రోజు నీ బేసు వినపడాల. వినపడిందా, ఉండు. లేదంటే దిగిపో’’ అని వెళ్ళిపోయాడు. ఇది ఇప్పుడు చెబుతుంటే చిన్న విషయంలా ఉంది. అప్పుడు కాదు. నా డిగ్రీ రెండు సబ్జెక్టుల దగ్గర ఆగిపోయింది. మా అన్న నాట్లూ కోతలూ తనే చూసుకుంటూ, నన్ను పొలానికి రమ్మనడం కూడా మానేశాడు. తిట్టినా బాగుండేది, మానేశాడు. ఆ స్టేజీ మీద మూడడుగుల చోటు తప్ప నాదని చెప్పుకోవడానికి నాకింకేమీ లేదు. అది పోతే నేను ఏమీ కాను.

మర్నాడే ఆ డబ్బానూ, పెట్టెనూ బియ్యం లారీ మీద వేసుకుని నాయుడుపేట వెళ్ళాను. అక్కడ బజారు వెనక సందులో రేడియో తాత ఉండేవాడు. వాల్వు రేడియోలు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చి, అవీ పోయినా ఆయన మాత్రం ఆ సందులోంచి కదల్లేదు. డబ్బాను బల్ల మీద పెట్టి వెనక్కి తిప్పి చూశాడు. ‘‘ఏంది దీని వీపు నిండా?’’ అన్నాడు.

‘‘పసుపూ కుంకుమ తాతా. దసరాకు ఆయుధ పూజ చేస్తాం గదా.’’

‘‘అన్నేండ్లదీ ఇట్నే ఉండాదా?’’

‘‘తుడిస్తే తప్పంటాడు మైకన్న. వాళ్ళ నాయన కాలం నుంచీ ఉంది.’’

తాత చాకు తీసి గీకడం మొదలుపెట్టాడు. గంధం, పసుపు, కుంకుమ, మళ్ళీ గంధం, పొరలు పొరలుగా రాలుతున్నాయి. నేను లోపల్లోపల దండం పెట్టుకుంటున్నాను. అంతా రాలినాక కింద నుంచి చిన్న మీట ఒకటి బయటపడింది. దాని చుట్టూ నాలుగు, ఎనిమిది, పదహారు అని అంకెలు. మూడేళ్ళు నా చేతుల మీద మోసిన డబ్బాకు అట్లాంటి మీట ఒకటుందని నాకు తెలియదు, మైకన్నకూ తెలియదు. ‘‘నీ స్పీకరు పెట్టె నాలుగు ఓములది. ఈ మీట పదహారు మీదుండాది,’’ అన్నాడు తాత. ‘‘ఈ రెండూ ఒకటే కావాల నాయనా. కాకపోతే బలమంతా వాల్వుల్లోనే ఉడికి చస్తాది, స్పీకరుకు అందదు. పెద్ద వాల్వులు రెండూ చూడు, ఒకటి ముక్కాలు చచ్చింది. మారిస్తే జోడుగానే మార్చాల. ఒక ఎద్దు బలంది, ఒకటి బక్కది కడితే కాడి ఎట్టా పోతాదో నీకు చెప్పాల్నా, రైతుబిడ్డవేగా.’’ తెలుసు తాతా అన్నాను. (మా ఇంట్లో నేను పుట్టక ముందు నుంచీ ట్రాక్టరే.)

రేకు డబ్బాలోంచి పాత బట్టలో చుట్టిన వాల్వులు తీసి, ఒక్కోదాన్నీ మీటరు మీద చూసి, సరితూగిన రెండింటిని ఏరి బిగించాడు. మీటను నాలుగు మీదికి తిప్పాడు. తర్వాత ముందు వైపు చూసి ఆగిపోయాడు. ‘‘ఈ బేసు మీట ఎవురు ఇట్టా కడాకు తిప్పింది?’’

‘‘నేనే తాతా. నేను బేసు గదా.’’

తాత నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. ‘‘నువ్వు బేసయితే? గుమ్ము ఎక్కువైతే బలమంతా దానికే పోతాది, సొరం తెలవదు. మనిషి చెవి పట్టుకునేది నడిమి శబ్దాన్ని. దీన్ని సగానికి తగ్గించు, నడిమిది పెంచు. పెట్టె యాడ పెడతారు?’’ కుర్చీ మీద అన్నాను. నేల మీద పెడితే మైకన్న ఒప్పుకోడు, వాళ్ళ నాన్న వస్తువు. ‘‘కుర్చీ ఎందుకు, అదేమన్నా పెళ్ళిపెద్దా? నేల మీద పెట్టు, ఎనకాల గోడ ఉండేట్టు. అప్పుడు చూడు.’’

రెండు నిమిషాలు వేడెక్కనిచ్చి, గిటారు తగిలించి ఒక్క తీగ మీటాను. అల్మరాలో రేకు డబ్బాలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. ఎదురుగా టీ అంగడాయన గ్లాసు పట్టుకుని బయటికొచ్చి చూశాడు. నేను వేలు కదిపితే ఒక మనిషి వీధిలోకి రావడం నా జీవితంలో అదే మొదలు. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, చెప్పుకోవడానికి సిగ్గు లేదు. తాత కూడా సంతోషపడి, ‘‘ఊఁ, వాయించు, ఏమన్నా వాయించు’’ అన్నాడు. సా వాయించాను. కాసేపు విన్నాడు. ‘‘ఇంకా?’’ అన్నాడు. పా వాయించాను. ‘‘ఇంకా?’’ అన్నాడు. అంతే తాతా అన్నాను. ఆయన గడ్డం గోక్కుని, చాకుకు అంటిన కుంకుమ తుడుచుకుంటూ, ‘‘వినపడేట్టు చెయ్యడం వరకే అబ్బయా నా పని’’ అన్నాడు. ఎంత అణకువ ఈయనకు అనుకుంటూ లారీ ఎక్కాను.

ఓణీల ఫంక్షన్ సముద్రం పక్క ఊళ్ళో. పగలు పదకొండు గంటలకు మొదలు. రొయ్యల ఆయన ఇంటి ముందర పెద్ద షామియానా, గోడకు ఆనించి స్టేజీ. నేను ఎవరినీ అడక్కుండా పెట్టెను నేల మీద, గోడకు వీపు పెట్టించాను. మైకన్న కుర్చీ ఏదిరా అన్నాడు. ‘‘ఈ రోజుకు వదిలెయ్యన్నా’’ అన్నాను. ఆ రోజు చూడటానికి హార్మనీ మామను కూడా పిలిపించాను. తెల్లపంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మొదట మైకన్న దేవుడి పాట. ఆ పాట దాదాపు సా మీదే నడుస్తుంది (ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది). మొదటి దెబ్బకే పిల్లలు నా వైపు తిరిగారు. ముసలాయన ఒకాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని పక్కాయనతో ఏదో అన్నాడు. మైకన్న పాడుతూనే వెనక్కి తిరిగి నాకు బొటనవేలు చూపించాడు. నేను ఉన్నాను. నా చోటు నాకుంది. ఆ పాట ఎంతసేపు సాగిందో గానీ, నేను పూర్తిగా సంతోషంగా ఉన్న సమయం ఎంత అని ఎవరైనా లెక్క అడిగితే ఆ పాటంత అని చెబుతాను.

తర్వాత అక్క పాట. ఐదు శ్రుతి. పల్లవి అద్భుతంగా నడిచింది. చరణం ఎత్తుకుంది. బావమరిది పళ్ళ బిగువున కార్డు మారింది అన్నాడు. నేను సా మీద గట్టిగా కూర్చున్నాను, ఇంతకు ముందెన్నడూ లేనంత గట్టిగా. షామియానా కింద ఏదో మొరటుగా, పాటకు సంబంధం లేకుండా ఊఁ అని మూలుగుతోంది. రొయ్యల ఆయన లేచి నిలబడి అరిచాడు. ‘‘ఎవుర్రా ఆడ? ఆ జనరేటరు కాస్త దూరంగా లాగండ్రా, పాట చెడిపోతుండాది!’’ లైన్లో కరెంటు ఉంది. ఇద్దరు పరిగెత్తి క్షణంలో దాని మీదికి మార్చి, జనరేటరు ఆపారు. ఊఁ ఆగలేదు. ఆగకపోగా ఆ మోటారు చప్పుడు పోవడంతో ఇంకా స్పష్టంగా వినపడసాగింది. అక్క గొంతు ఎప్పటిలాగే కిందికి జారింది, జారి జారి సరిగ్గా నా సా దగ్గరికి వచ్చి పడింది. ఈసారి అది ఎక్కడికి వచ్చి పడిందో స్టేజీ మీద అందరికీ వినపడింది. ఆమె పాట మధ్యలో ఆగిపోయింది. బావమరిది రెండు చేతులూ కీబోర్డు మీది నుంచి తీసేశాడు. ప్యాడ్ల వాళ్ళు ఆగారు. నేనొక్కణ్ణే తాళం తప్పకుండా ఇంకో నాలుగు దెబ్బలు వేసి, అప్పుడు తల ఎత్తాను.

మైకన్న టిఫిన్ల విరామం అని మైకులో చెప్పి, మమ్మల్నందరినీ స్టేజీ దింపి పక్కకు తీసుకెళ్ళాడు. ‘‘పల్లవిలో ఏం వాయిస్తుండావు?’’ అన్నాడు. సా అన్నాను. ‘‘చరణంలో?’’ సా. ‘‘రెండో చరణంలో?’’ మధ్యలో ఒకసారి పా ముట్టుకుంటానన్నా అన్నాను. ‘‘అన్ని పాటలకూనా?’’ అన్నిటికీ అన్నాను. ఇందులో దాచాల్సింది ఏముందో నాకు తెలియలేదు. బావమరిది తల పట్టుకున్నాడు. ‘‘కార్డు మారింది, కార్డు మారింది అని మూడేండ్లుగా నెత్తీ నోరూ కొట్టుకుంటుండా గదరా!’’ అన్నాడు. నాకూ రోషమొచ్చింది. ‘‘మారితే నీ కార్డు నువ్వు తిప్పుకో! నేను ఒకసారి తిప్పి పెట్టినా గదా, రోజూ తిప్పాల్నా?’’ అంటూ ఆయన చేతిలోని పెళ్ళిపత్రికల కట్టను చూపించాను. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. ప్యాడ్ల అతను కడుపు పట్టుకుని కింద కూర్చున్నాడు. మైకన్నకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చి దగ్గు పట్టుకుంది. పాట కింద ఒకేసారి పలికే స్వరాల జట్టును ఇంగ్లీషులో కార్డు అంటారనీ, పాట నడిచే కొద్దీ అది మారుతూ ఉంటుందనీ, నేను దాంతోపాటు కదలాలనీ, కదలడమే నా పనంతా అనీ బావమరిది నవ్వుతూ నవ్వుతూ చెప్పాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది ఆ పాఠం.

పాటలక్క నవ్వలేదు. ఫ్లాస్కు చేతిలో పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. ‘‘అంటే నా గొంతు కాదా?’’ అంది. బావమరిది అట్టల కట్ట సర్దుకోసాగాడు. ‘‘మూడేండ్లు నా గొంతులోనే ఏదో ఉండాదనుకున్నా తమ్ముడా,’’ అంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తిట్టలేదు. ఫ్లాస్కు మూత తిప్పి, అందులోని కషాయం మెల్లగా ఇసకలో పారబోసి, వెళ్ళి మొహం కడుక్కుంది. అన్నేళ్ళు ఆమెను వ్యానులో అందరి ముందరా తిట్టిన మైకన్న ఆమెకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ మాట కోసం నేను కూడా ఎదురుచూశాను, ఆయన చెబితే నేను చెప్పక్కర్లేదని.

ఆయన నాకు మాత్రం చెప్పాడు. ‘‘నేను వినపడాలంటి, నువ్వు వినపడినావు. దిగు.’’ నేను స్టేజీ మీదికి వెళ్ళి, ట్రూపు గిటారును గోడకు ఆనించి, అలవాటు కొద్దీ పెట్టెను ఎత్తబోయాను. ‘‘అది అట్నే ఉండనీ. మా వాడి ఎడంచెయ్యి దాంట్లోకి పెడదాం. ఇప్పుడు బాగా పలకతా ఉండాది గదా,’’ అన్నాడు. రేడియో తాత దగ్గరికి దాన్ని మోసుకెళ్ళింది నేను. కుంకుమ కింద మీట బయటపెట్టించింది నేను. వెళ్ళి హార్మనీ మామ పక్కన నిలబడ్డాను. ఆయన విస్తట్లో పాయసం జుర్రుతూ, ‘‘కదలకుండా భలే నిలబెట్టినావురా అబ్బయా. వాళ్ళకు శ్రుతంటే ఏందో తెలవదు, వదిలెయ్,’’ అన్నాడు. నా నాశనానికి కారణమైన మనిషి మీసాలకు పాయసం అంటించుకుని నన్ను మెచ్చుకుంటుంటే నేను నీళ్ళ గ్లాసు అందించాను. ఏం చెయ్యను, మేనమామ.

కాసేపటికి రొయ్యల ఆయన స్టేజీ దగ్గరికి వెళ్ళి, ఇందాక జనరేటరు వల్ల పాడైన పాట మళ్ళీ పాడమని అడిగాడు. నేను అక్కడ ఉండలేక షామియానా వెనక వంటల దగ్గరికి వెళ్ళిపోయాను. అక్క పల్లవి పాడింది. గుడ్డ గోడకు అవతల నా పెట్టె గుమ్మంటోంది, నాకు తెలిసిన గొంతే. చరణం వచ్చింది. ఆ గొంతు సా దగ్గర నిలబడలేదు. ఒక మెట్టు కిందికి దిగింది, ఇంకో మెట్టు దిగింది, ఆగి, పక్కకు జరిగి మళ్ళీ పైకెక్కింది. దాని మీద అక్క పాట ఎటూ జారకుండా, ఎవరూ లాగకుండా, తిన్నగా చివరి దాకా వెళ్ళింది. మూడేళ్ళుగా రోజూ వాయించిన పాటను నేను వినడం అదే మొదటిసారి. అది అంత బాగుంటుందని నాకు తెలియదు. బావమరిది ఎడంచేతి మీద నాకు చచ్చేంత కోపం ఉంది, ఇప్పటికీ ఉంది, అయినా ఆ రోజు ఆ చెయ్యి సరిగ్గా వాయించింది. గుండిగ కలుపుతున్న వంటాయన గరిటె ఆపి, ‘‘ఆఁ, ఇప్పుడు బాగుండాది పాట. ఇందాక ఏందో పోరాడ్తుండారు,’’ అన్నాడు. అవునన్నా అన్నాను. ఆ మధ్యాహ్నం ఆ ఊరి నుంచి బస్సు దాకా ఉత్త చేతులతో నడిచాను, భుజాల మీద ఏమీ లేక నడక కుదరలేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మైకన్న ట్రూపును పెన్‌డ్రైవు మింగేసింది. బావమరిది ఎడంచెయ్యి కూడా కుడిచేత్తో పాటు ఇంట్లో కూర్చుంది. (ఈ కబురు విన్నప్పుడు నేను సంతోషించలేదని చెబితే అబద్ధమే.) ఆ ఆంప్లిఫయరును పాత సామాన్లు పోగేసే ఎవరో ఆసామి అపురూపంగా పట్టుకుపోయాడట. నేను నాయుడుపేట రోడ్డు మీద రొయ్యల మేత అంగడి పెట్టుకున్నాను. గిరాకీ లేనప్పుడు ఫోనులో చూసి కార్డులన్నీ నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ పాటలో ఎక్కడ కదలాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎవరూ అడగరు.

పోయిన వానాకాలం పాటలక్క మా అంగడికి వచ్చింది. కొడుకు రొయ్యల గుంటలు కౌలుకు తీసుకున్నాడట, మేత కోసం వచ్చారు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, ‘‘ఏం తమ్ముడా, బాగుండావా?’’ అంది. కొడుకుతో, ‘‘ఈయన మా ఆర్కెస్ట్రాలో బేసు వాయించినాడు’’ అని చెప్పింది. అంతకు మించి ఏమీ చెప్పలేదు, నా మొహం చూసి చెప్పలేదని నాకు తెలుసు. ఇంకా పాడుతున్నావా అక్కా అని అడిగాను. ‘‘యాడబ్బా, ఎప్పుడో మానేసినా. గొంతు మీద ఒకసారి అనుమానం వచ్చినాక మళ్ళా కుదర్లా’’ అంది, మామూలుగానే, ఎవరో పక్కింటి వాళ్ళ సంగతి చెబుతున్నట్టు. మేత బస్తాలు ఆటోలోకి ఎక్కిస్తున్నారు. నేను ఆమె దగ్గరికి వెళ్ళి, అన్నేళ్ళుగా నోట్లో నానుతున్న మాట, నీ గొంతుకు ఏనాడూ ఏమీ కాలేదక్కా, తప్పంతా నాదే, క్షమించు అన్నాను. అన్నాననే అనుకున్నాను. షామియానాలు అదరగొట్టాలని డబ్బా మోసుకుని జిల్లా అంతా తిరిగిన ఆ ఇరవై రెండేళ్ళవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. అక్క చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు వంగి, ‘‘ఏంది తమ్ముడా? వినపళ్ళా’’ అంది.